టూరిస్టులు వస్తే నగరానికి లాభమే కదా, మరి స్థానికులకు కోపమెందుకు?
డబ్బు వస్తుంది, నిజమే. కాకపోతే లాభం ఒకరిది, అవస్థ ఇంకొకరిది.

అసలు చిక్కు ఇళ్ల దగ్గర మొదలవుతుంది. నెలవారీ అద్దెకిచ్చే ఫ్లాట్‌ను రోజుల లెక్కన టూరిస్టులకిస్తే యజమానికి ఎక్కువ మిగులుతుంది. అలా ఒక్కో ఇల్లూ చేజారాక కింద కిరాణా కొట్టు మూతపడి, అక్కడ ఫ్రిజ్ మ్యాగ్నెట్లు అమ్మే షాపు వెలుస్తుంది. పై అంతస్తులో మిగిలిపోయినవాళ్లకు అర్ధరాత్రి మెట్ల మీద సూట్‌కేసు చక్రాల టకటకలు. ఇటలీలోని వెనిస్ పాత నగరంలో 1951లో దాదాపు 1,75,000 మంది ఉండేవారు. ఇప్పుడు 50,000 కూడా లేరు.

చెత్త, నీళ్లు, బస్సులు ఎక్కువగా స్థానిక జనాభా లెక్కన ఏర్పాటవుతాయి. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేవాళ్లు ఆ లెక్కలోకి రారు. అందుకే వెనిస్ 2024 ఏప్రిల్ 25న, రద్దీ రోజుల్లో వచ్చే ఒక్కరోజు సందర్శకులకు 5 యూరోల రుసుము మొదలుపెట్టింది. విమానం టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు ఆ కాస్త డబ్బుకు ఆగుతారా అన్నది నా అనుమానం.

స్పెయిన్‌లోని బార్సిలోనా సూటిగా ఇళ్ల సమస్య మీదికే వెళ్లింది. దాదాపు 10,000 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత కొనసాగించబోమని 2024లోనే ప్రకటించింది. నాకైతే ఇదే సరైన చోట పట్టుకోవడం అనిపిస్తుంది, హోటల్ రేట్లు పెరిగినా సరే.