బోయిన్ లోయలో ఒక రోజు: డబ్లిన్‌లో ఉన్న చిన్నాకి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మానాన్నలు అక్కడికి వచ్చినప్పుడు తిప్పడానికి నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాను చూశాను. పొద్దున ఆరింటికి డబ్లిన్‌లో బయలుదేరి మోహర్ కొండచరియలు, వచ్చేటప్పుడు కిల్కెన్నీ కోట, వీలైతే గ్లెండలాక్ అని రాశావు. వీలవదు నాన్నా. డబ్లిన్ నుంచి మోహర్‌కి వెళ్లడానికే మూడున్నర గంటలు, రావడానికి మళ్లీ అంతే. రోజులో ఏడు గంటలు కారులోనే గడిస్తే మీ అమ్మకి గుర్తుండేది ముందు సీటు వెనక భాగమే. మోహర్ అటు పడమటి తీరాన ఉంది, గాల్వేలో ఒక రాత్రి బస చేసి తీరిగ్గా చూడాల్సిన చోటు. దాన్ని వేరే వారానికి పెట్టుకో.

అసలు ప్రైవేటుగా కారు మాట్లాడుకునేది ఎందుకు? బస్సు టూరులో ఇరవై నిమిషాలంటే ఇరవై నిమిషాలే, మీ నాన్న మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడేసరికి సగం అయిపోతుంది. మన కారైతే నచ్చిన చోట కూర్చుంటాం, నచ్చకపోతే లేచి పోతాం. అంత డబ్బు పోసి మళ్లీ బస్సువాడి లిస్టే పెట్టుకుంటే ఏం లాభం? అందుకని మూడు చోట్లు చాలు. నాలుగోది ఎలాగూ డ్రైవరే దార్లో ఎక్కడో ఆపి చూపిస్తాడు.

నా మాట విని ఉత్తరం వైపు, బోయిన్ లోయకి తీసుకెళ్లు. డబ్లిన్ నుంచి గంట ప్రయాణం. ఎమ్1 రోడ్డు మీద వెళ్లి ఎమ్3 మీద వెనక్కి రావచ్చు, వెళ్లిన దారినే రానక్కర్లేదు. ముప్ఫై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పిన మీ నాన్నకి ఇంతకంటే మంచి చోటు ఆ దేశంలో నాకు కనపడలేదు. మీ అమ్మకి కావలసిన పచ్చదనం కూడా దారి పొడవునా ఉంటుంది. పొలాలకి గట్ల బదులు పొదల కంచెలు, మే నెలాఖరుకి వాటి మీద తెల్లగా పూసిన ముళ్లచెట్లు, గొర్రె పక్కనే దాన్ని గుద్దుతూ పాలు తాగే పిల్లలు. మెయిన్ రోడ్డు దిగాక ఆ కంచెల మధ్య దారి ఒక్క బండికే సరిపోతుంది, ఎదురుగా ట్రాక్టరు వస్తే మన డ్రైవరు వెనక్కి పోనిచ్చి దారిస్తాడు. ఇద్దరూ స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి పలకరించుకుంటారు. మీ నాన్నని చూడమను, ఆయనకి నచ్చుతుంది.

ముందు చేయాల్సిన పని ఒకటే: న్యూగ్రేంజ్ అనే రాతియుగం నాటి సమాధి దిబ్బకి టికెట్లు. కారు తర్వాత, తేదీ తర్వాత, ముందు టికెట్లు. లోపలికి వెళ్లే టికెట్లు రోజుకి కొన్నే ఉంటాయి, ఎండాకాలంలో త్వరగా అయిపోతాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు జాగ్రత్తగా చదువు. ఎగ్జిబిషన్ మాత్రమే చూసే టికెట్టు వేరు, న్యూగ్రేంజ్ గది లోపలికి తీసుకెళ్లే టికెట్టు వేరు. చాలామంది మొదటిది కొనుక్కుని అక్కడికెళ్లి గొడవపడతారు. నీ కారు ఎంత ఖరీదైనదైనా ఆ దిబ్బ దాకా వెళ్లనివ్వరు. అందరూ విజిటర్ సెంటర్ దగ్గర దిగి, కాలిబాట వంతెన మీద బోయిన్ నది దాటి, వాళ్ల షటిల్ బస్సు ఎక్కాల్సిందే. లోపల వివరించేది కూడా వాళ్ల గైడే. పదకొండు గంటల ప్రాంతంలో స్లాట్ దొరికితే మిగతా రోజంతా దాని చుట్టూ అల్లుకో. స్లాటు టైమ్‌కి ముందే సెంటర్‌లో ఉండాలి.

న్యూగ్రేంజ్ కట్టి ఐదు వేల ఏళ్లు దాటింది. క్రీస్తుకి పూర్వం 3200 ప్రాంతం అంటారు, అంటే గీజా పిరమిడ్ల కంటే పాతది. పైకి చూస్తే గడ్డి మొలిచిన పెద్ద దిబ్బ, చుట్టూ పునాదిలో 97 రాళ్లు. ముందు గోడకి తెల్లటి పలుగురాళ్లు తాపడం చేశారు. ఆ గోడ 1960ల తవ్వకాల తర్వాత నిలబెట్టింది, అసలు అలాగే ఉండేదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. కాబట్టి దాని ముందు ఫోటోలకే టైమంతా పెట్టొద్దు. గుమ్మానికి అడ్డంగా పడుకున్న రాయి చూడండి, దాని నిండా సుడులు సుడులుగా చెక్కారు. ఇనుము తెలియని కాలంలో రాతితో రాతిని కొట్టి చేసిన పని. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కొక్క దెబ్బా చుక్కలా కనిపిస్తుంది.

లోపలికి పందొమ్మిది మీటర్ల సందు. రెండు చోట్ల వంగి, కొంచెం పక్కకి తిరిగి వెళ్లాలి. మీ నాన్నకి మోకాళ్లయినా నెమ్మదిగా వెళ్లగలడు. ఊపిరాడనట్టు అనిపించేవాళ్లకి మాత్రం టెన్షన్‌గా ఉంటుంది. మీ అమ్మకి లిఫ్ట్ అంటేనే భయం కదా, ముందే అడుగు. వద్దంటే బలవంతం చేయకు, సెంటర్‌లో ఆ గదికి నమూనా కట్టి పెట్టారు, అది చూసి కాఫీ తాగుతుంది. లోపల ఫోటోలు తీయనివ్వరు. అదీ మంచిదే, లేకపోతే మీరంతా పైకప్పు చూడకుండా ఫోన్లే చూస్తారు. ఒకదాని మీద ఒకటి రాళ్లు పేర్చుకుంటూ పైకి మూసేసిన కప్పు అది. సున్నం లేదు, సిమెంటు లేదు. అంత వాన పడే దేశంలో ఇన్ని వేల ఏళ్లుగా చుక్క కారలేదు.

గుమ్మం పైన చిన్న కిటికీ లాంటిది ఉంటుంది. డిసెంబరులో పగలు అతి చిన్నదైన రోజుల్లో సూర్యోదయపు వెలుగు దాంట్లోంచి దూరి సందు పొడవునా పాకి చివరి గదిలో నేల మీద పడుతుంది. పదిహేడు నిమిషాలు ఉండి పోతుంది. అక్కడ తవ్వకాలు జరిపిన మైకేల్ ఓకెల్లీ అనే ప్రొఫెసరు 1967 డిసెంబరు 21న ఒక్కడే లోపల నిలబడి చూశాడు. మీ నాన్నకి మన అరసవల్లి చెప్పు. మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు స్వామి మీద పడటం చూసి వచ్చినవాడు కాబట్టి, ఆ గదిలో గైడు దీపాలార్పి లైటుతో ఆ వెలుగు నడక చూపించినప్పుడు ఎవరూ వివరించనక్కర్లేదు. అసలు రోజుల్లో లోపలికి వెళ్లాలంటే లాటరీ తగలాలి. మేమూ ఏటా వేసేవాళ్లం. తగల్లేదు.

న్యూగ్రేంజ్ కంటే ముందు, పొద్దున్నే మొనాస్టర్‌బోయిస్‌కి వెళ్లండి. ఎనిమిదిన్నరకి డబ్లిన్ వదిలితే సరి. దార్లో లస్క్ దగ్గర సర్వీస్ స్టేషన్‌లో ఆగి బాత్రూమ్ పని కానివ్వండి, తర్వాత కష్టం. మొనాస్టర్‌బోయిస్ అంటే ఒక పాత మఠం తాలూకు శ్మశానం, ఒక గుండ్రటి బురుజు, మూడు రాతి శిలువలు, అంతే. టికెట్టు లేదు. ఆ బురుజు 1097లో తగలబడి, లోపల దాచిన పుస్తకాలన్నీ బూడిదయ్యాయి. ముయిరెడాక్ శిలువ పదో శతాబ్దం మొదట్లోది, రెండు నిలువుల ఎత్తు దాటి ఉంటుంది, చుట్టూ బైబిలు కథలే. తూర్పు ముఖం మీద పొద్దుటి ఎండ ఏటవాలుగా పడితే బొమ్మలు లేచి వస్తాయి, మధ్యాహ్నం అదే రాయి చప్పగా ఉంటుంది. పొద్దున్నే వెళ్లమన్నది అందుకే. తూర్పు వైపు తీర్పు దినం బొమ్మలో పాపపుణ్యాలు తూచే త్రాసు వెతకండి. దాన్ని కింద నుంచి ఒక దయ్యం లాగుతుంటుంది. ఇది దొరికాక పడమటి వైపు పాదం దగ్గర వంగి చూడండి, ఆ శిలువ చేయించిన ముయిరెడాక్ కోసం ప్రార్థించమని రాసిన అక్షరాల పక్కన రెండు పిల్లులు ఉంటాయి. ఒకటి తన పిల్లని నాకుతుంటుంది, ఇంకోటి పిట్టని పట్టుకుని ఉంటుంది. తీర్పు దినం చెక్కిన చేత్తోనే అదీ చెక్కారు. నాకు ఆ రాయి మొత్తంలో ఇష్టమైనవి ఆ పిల్లులే.

1690లో ఇంగ్లండు సింహాసనం కోసం జేమ్స్, విలియం రాజుల మధ్య యుద్ధం జరిగిన ఓల్డ్‌బ్రిడ్జ్‌కి కూడా తీసుకెళ్తానని డ్రైవరు అంటాడు. మీ నాన్న పట్టుబడితే వెళ్లండి. నా వరకు అది పచ్చటి మైదానం, మధ్యలో ఒక బంగళా.

మధ్యాహ్నం భోజనం స్లేన్ ఊళ్లో చేయొచ్చు. మీ నాన్నకి షుగరు మాత్ర టైముకి పడాలి కాబట్టి పులిహోర డబ్బా ఒకటి దగ్గర పెట్టుకో. ఐరిష్ కేఫుల్లో ఆ రోజు సూపూ, బ్రౌన్ బ్రెడ్డూ ఎక్కడైనా దొరుకుతాయి. కూరగాయల సూపే అయినా చికెన్ నీళ్లతో కాచారేమో అడుగు, శనివారమైతే మీ అమ్మ నీసు ముట్టదు కదా. గిన్నిస్ వేసి వండిన స్టూ అంటే బీఫ్. అది కూడా ముందే చెప్పి ఉంచు, మెనూలో ఆమెకి అర్థం కాదు.

తిరిగొచ్చే దార్లో తారా కొండ. కొండ అని పేరే గానీ ఎక్కడమేమీ ఉండదు, మెల్లగా వాలు. ఐర్లండ్ మహారాజులకి అక్కడ పట్టాభిషేకం జరిగేదని చెప్తారు. పైన ఒక నిలువు రాయి, లియా ఫాల్. అసలైన రాజు తాకితే ఆ రాయి అరిచేదట. ఆ రాయి మొదట అక్కడ లేదు. బ్రిటిష్ పాలన మీద 1798లో జరిగిన తిరుగుబాటులో ఆ కొండ మీద చచ్చిపోయినవాళ్ల సమాధికి గుర్తుగా దాన్ని జరిపి పాతారు. ఇంకో సంగతి మీ నాన్నకి చెప్పకుండా దాచిపెట్టు, అక్కడ నిలబడ్డాక చెప్పు: ఐర్లండ్‌ని బ్రిటన్‌తో కలిపేసిన చట్టం రద్దు చేయాలని ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్ లక్షల మందితో సభ పెట్టింది ఆ కొండ మీదే, 1843 ఆగస్టు 15న. ఆ తర్వాత రెండేళ్లకే బంగాళాదుంపకి తెగులు తగిలి కరువొచ్చింది, పది లక్షల మంది పోయారు.

మన వి.వి. గిరి గారు 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లోనే లా చదివారు, అక్కడి స్వాతంత్ర్య పోరాటం వేడి తగిలే ఆయన ఇండియాకి తిరిగొచ్చారు. ఈ మాట డ్రైవరుకి చెప్పమను మీ నాన్నని. అక్కడివాళ్లకి కబుర్లంటే ప్రాణం, ఒక్కసారి మొదలయ్యాక ఇద్దరినీ ఆపడం నీ వల్ల కాదు. యాస అర్థం కాకపోతే నెమ్మదిగా చెప్పమని అడగడానికి మొహమాటం వద్దు.

కారు మాట్లాడేటప్పుడు అడగాల్సినవి కొన్ని. నడిపే మనిషే గైడా, లేక డ్రైవరు మాత్రమేనా. రేటు ఎన్ని గంటలకి, దాటితే ఎంత. టోల్, పార్కింగ్, టికెట్లు అందులోనేనా. బ్యాడ్జీ ఉన్న గైడ్లకి రేటు ఎక్కువే, అయినా మీ నాన్న వేసే ప్రశ్నలకి అలాంటివాళ్లే కావాలి. ఇంకొకటి ఎవరూ అడగరు: బండి ఫుట్‌బోర్డు ఎంత ఎత్తు. పెద్ద వ్యాన్లు బయటికి దర్జాగా ఉంటాయి, చీర కట్టుకుని, మోకాళ్ల నొప్పితో రోజంతా ఎక్కి దిగడం నరకం. ఎత్తుగా ఉంటే చిన్న పీట తెమ్మను, చాలామంది దగ్గర ఉంటుంది. మలుపులకి మీ అమ్మకి వాంతులొస్తాయి కాబట్టి ముందు సీటు ఆమెకి. టిప్పు తప్పనిసరి కాదు, బాగా చూసుకుంటే పది శాతం ఇస్తే సంతోషిస్తారు.

నువ్వే నడపాలని మాత్రం తొందరపడకు. మన లైసెన్సు అక్కడ మార్చి ఇవ్వరు, మొదటినుంచీ టెస్టులు రాయాల్సిందే. అది పూర్తయ్యాక దక్షిణం వైపు విక్లో కొండలకి నువ్వే తీసుకెళ్లు. సాలీ గ్యాప్ దగ్గర బురదనేలలు, పైనుంచి చూస్తే నల్లగా కనిపించే లాక్ టే సరస్సు, గ్లెండలాక్‌లో కెవిన్ మఠం. అదొక పూర్తి రోజు. దీంతో కలపొద్దు.

ఇక్కడ రోహిణి కార్తె ఎండల్లోంచి వస్తున్నారు కదా, అక్కడ పదిహేను డిగ్రీలంటే వాళ్లకి చలికాలమే. గొడుగులు తేవద్దని చెప్పు, ఆ గాలికి ఒక్క పూటలో తిరగబడతాయి. టోపీ ఉన్న రెయిన్ జాకెట్లు నువ్వు అక్కడే కొని ఉంచు. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది కాబట్టి చీకటి పడుతుందని ఎవరూ కంగారుపడక్కర్లేదు. తారా మీద గడ్డి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, గొర్రెల పెంటికలు కూడా. మీ అమ్మ ఆ పూసల చెప్పులే వేసుకుంటానంటుంది. ఆ సంగతి నాకొదిలెయ్, ఆదివారం గుంటూరు బజారుకి తీసుకెళ్లి బూట్లు నేనే కొనిపెడతాను. నువ్వు ఈ లోపు టికెట్ల పని చూడు, తేదీ దొరకగానే ఫోన్ చెయ్.

ఇట్లు,
మీ పెద్దమ్మ