మైపాడులో ఒక రాత్రి ఆగే అతిథి: టూరిజం కోర్సుపై ఒక తండ్రికి సమాధానం

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొద్దిపాటి రొయ్యల గుంటలు ఉన్నాయి. మా అమ్మాయి ఇంటర్ సీఈసీ పూర్తి చేసి టూరిజంలో బీబీఏ చేస్తానంటోంది. బంధువులేమో బీకాం కంప్యూటర్స్‌లో చేర్పించమంటున్నారు. టూరిజం అంటే గైడ్ పనే కదా? దానివల్ల మన వైపు ఎవరికైనా నాలుగు డబ్బులు వస్తున్నాయా? చదివినా చెన్నైకో హైదరాబాదుకో పోవలసిందేనా?

జవాబు: నమస్కారమండీ. మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ చదువు అక్కరకు వస్తుందా అన్నది ఒకటి, పర్యాటకం వల్ల మన ప్రాంతానికి ఏమైనా మిగులుతోందా అన్నది మరొకటి. రెండోది తేలితే తప్ప మొదటిదానికి నిజాయితీగా జవాబు చెప్పలేను కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

గత వేసవిలో ఒక ఆదివారం మైపాడు సముద్రతీరానికి వెళ్లి, ఇసుకలో కూర్చుని చాలాసేపు వచ్చేపోయేవాళ్లను గమనించాను. నెల్లూరు నుంచి కారులో వచ్చిన ఒక కుటుంబం, పిల్లలతో కలిపి ఐదుగురు, పులిహోర గిన్నె, పెరుగన్నం, నీళ్ల సీసాలు అన్నీ ఇంటి నుంచే తెచ్చుకున్నారు. పిల్లలకు కాల్చిన మొక్కజొన్న కంకులు, పెద్దవాళ్లకు టీ కొని, పొద్దుగూకకముందే తిరుగుప్రయాణం కట్టారు. వాళ్ల రాకతో ఊరికి దక్కింది మహా అయితే రెండు వందల రూపాయలు, దానితోపాటు ఒక సంచెడు ప్లాస్టిక్. అదే సాయంత్రం చెన్నై నుంచి వచ్చిన ఒక దంపతుల జంట, రాత్రికి ఆగడానికి శుభ్రమైన గది ఎక్కడైనా దొరుకుతుందా అని టీ కొట్టులో వాకబు చేయడం విన్నాను. మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు కుటుంబాల తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

ఆ దంపతులు ఆ రాత్రి ఆగారనుకోండి. గది అద్దె ఇంటాయన చేతికి వస్తుంది, అందులో కొంత గది ఊడ్చే ఆవిడకు, కొంత దుప్పట్లు ఉతికే అతనికి వెళుతుంది. రాత్రికి చేపల పులుసు కావాలంటే ఉదయం పడవలో వచ్చిన చేప, తోటలోని మామిడికాయ, పక్క వీధి కొట్టులోని చింతపండు కొనాలి. తెల్లవారితే పాలు, ఇడ్లీ, రంగనాథస్వామి గుడికి వెళ్లడానికి ఆటో కావాలి. పులుసు వండిన ఆవిడకు అందిన డబ్బు అక్కడితో ఆగదు, ఆమె దానిని కిరాణా కొట్టులో ఇస్తుంది, కొట్టాయన తన పిల్లవాడి ట్యూషన్ ఫీజు కడతాడు. ఇలా ఒకే రూపాయి ఊళ్లోనే చేతులు మారుతూ పలువురికి ఆదాయం కావడాన్ని అర్థశాస్త్రంలో గుణకం అంటారు. మీ అమ్మాయి సీఈసీ చదివింది కనుక డిగ్రీలో ఈ మాట తప్పకుండా ఎదురవుతుంది. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారి వల్ల ఈ గొలుసు మొదటి లంకె దగ్గరే తెగిపోతుంది, రాత్రి ఆగేవారి వల్ల సాగుతుంది.

అయితే రాత్రి ఆగిన ప్రతి అతిథి సొమ్మూ ఊళ్లోనే ఉంటుందని అనుకోకూడదు. రిసార్టు యజమాని వేరే నగరంలో ఉండి, మేనేజరును, వంటవాళ్లను బయటి నుంచి తెచ్చుకుని, సరుకులు కూడా అక్కడి నుంచే లారీలో దింపుకుంటే, ఊరివాళ్లకు మిగిలేది గేటు దగ్గర కాపలా ఉద్యోగమే. బుకింగ్ యాప్‌లు గది అద్దెలో నూటికి పదిహేను, ఇరవై రూపాయల దాకా కమీషన్‌గా తీసుకోవడం మామూలే. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు, వచ్చిన డబ్బు వచ్చినట్టే బయటికి కారిపోతుంది. టూరిజం చదివినవారి అసలు పని ఆ చిల్లులు పూడ్చడమే. అతిథిని ఒక పూట ఎక్కువ ఆపడం, అతను కొనేది స్థానికులు చేసినదై ఉండేలా చూడడం, లెక్కలు రాయడం, ధర కట్టడం, అతిథితో నేరుగా మాట్లాడి యాప్ అవసరం లేకుండా మళ్లీ రప్పించుకోవడం. ఇందులో గైడ్ పని చాలా చిన్న భాగం.

మీరు రొయ్యలు పెంచుతారు కనుక ఇంకో మాట. రొయ్య పిల్ల ఎక్కడి నుంచో, మేత ఎక్కడి నుంచో వస్తాయి, ధర మీ చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో మన దేశపు సరుకులపై అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ గుంట గట్టు మీద నిలబడిన రైతు దాకా ఎలా వచ్చిందో నాకన్నా మీకే బాగా తెలుసు. పర్యాటకం అంతకంటే భద్రమని నేను చెప్పను. 2020లో కరోనా వచ్చినప్పుడు హోటళ్లు, ట్రావెల్స్ నెలల తరబడి మూతపడ్డాయి. కానీ రెండు పనులకూ దెబ్బ ఒకేసారి తగలడం అరుదు కాబట్టి, ఇంట్లో ఒకరు గుంటల మీద, ఒకరు అతిథుల మీద ఆధారపడటం ఇద్దరూ గుంటల మీదే ఆధారపడటం కంటే మెరుగు.

ఇక ఈ ప్రాంతంలో పని ఉందా అన్న విషయం. జనం రావడం లేదన్నది నిజం కాదు. మొహర్రం నెలలో నెల్లూరులోని బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకు రాష్ట్రం నుంచే కాక తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా లక్షల మంది వస్తారు. స్వర్ణాల చెరువులో నిలబడి, తమ తమ కోరికను బట్టి ఉద్యోగ రొట్టె, విద్య రొట్టె, పెళ్లి రొట్టె అంటూ మార్చుకుంటారు. (మీ అమ్మాయి ఏ రొట్టె పట్టుకుందో అడిగి చూడండి.) ఆ కొద్ది రోజులు నెల్లూరులో లాడ్జి గది దొరకడం గగనం, ఆ తర్వాత అవే గదులు ఖాళీ. పైగా అది ఇస్లామిక్ చాంద్రమాన క్యాలెండరు ప్రకారం వచ్చే పండుగ కావడంతో ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక ఏడాది సెలవుల్లో పడితే మరికొన్నేళ్లకు పరీక్షల కాలంలో పడుతుంది. ఇంత రద్దీకి తాత్కాలిక సిబ్బందిని ఎప్పుడు తీసుకోవాలి, ఎన్ని బస్సులు, ఎన్ని మరుగుదొడ్లు కావాలి, వచ్చినవారిలో పదోవంతు మందినైనా ఇంకో రోజు ఆపి జొన్నవాడ, పెంచలకోన గుళ్లు చూపించడం ఎలా అని ముందుగా ఆలోచించేవారు కావాలి. వారి ఉద్యోగానికే ఈవెంట్ మేనేజ్‌మెంట్, టూర్ ఆపరేషన్స్ అని పేర్లు.

పడమటి వైపు ఉదయగిరిని తీసుకోండి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం అది. అక్కడి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుని విగ్రహం కోసమే హంపీలో కృష్ణాలయం కట్టించాడు. ఆ కొండ కింది ఊళ్లో చెక్కతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేసే కుటుంబాలు ఉన్నాయి, ఆ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. చేతితో చెక్కిన చెంచాను చేతిలోకి తీసుకుంటే అంచు ఎంత పలచగా ఉంటుందో, కాడ ఎంత నునుపుగా ఉంటుందో తెలుస్తుంది. దానిని నగరంలో అమ్మితే మధ్యవారికి పోయే లాభం, కోట చూసి దిగినవారికి పనివారి ముంగిటే అమ్మితే చేసినవారికే దక్కుతుంది. అక్కడి నుంచి భైరవకోన కొండల్లో తొలిచిన ఎనిమిది శివాలయాల గుహలకు కూడా దారి కలుపుకోవచ్చు. కోట, పనివారి ముంగిలి, గుహలు, మధ్యలో వేడి భోజనం, రాత్రికి గది: ఇవన్నీ ఒకే ప్రయాణంగా కట్టి, ధర నిర్ణయించి, చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్నవారికి అమ్మడం ఒక పూర్తికాలపు వృత్తి. వస్తువులన్నీ ఉన్నాయి, దండగా గుచ్చేవారే తక్కువ. నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాకు వెళ్లినా, గూడబాతులను చూడటానికి వచ్చేవారికి నెల్లూరు ఇప్పటికీ దగ్గరే.

చదువు సంగతి. కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోని భారతీయ పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థ 1983లో ఏర్పడింది. దాని ప్రధాన కేంద్రం గ్వాలియర్‌లో ఉండగా ఒక ప్రాంగణం మన నెల్లూరులోనే ఉంది. బీబీఏ, ఎంబీఏ చదవడానికి ఇంటి గడప దాటి ఎంతో దూరం పోనక్కరలేదు. వంట, హోటల్ వైపు ఆసక్తి ఉంటే జాతీయ హోటల్ మేనేజ్‌మెంట్ మండలి ప్రవేశ పరీక్ష రాయవచ్చు, ఇంటర్‌లో ఇంగ్లీషు చదివి ఉంటే ఏ గ్రూపు వారైనా అర్హులే. బంధువులు బీకాం అనడం తప్పు కాదు. చిన్న హోటళ్లు, హోమ్‌స్టేలు మూతపడటానికి నేను చూసినంతలో పెద్ద కారణం అతిథులు రాకపోవడం కాదు, జీఎస్టీ, జీతాలు, మరమ్మతుల లెక్క సరిగా లేకపోవడం. అందుకే నా మాట ఇది: ప్రభుత్వ సంస్థలో సీటు వస్తే నిశ్చింతగా చేర్పించండి, పక్కన ట్యాలీ (కంప్యూటర్‌లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్పించండి. సీటు రాక, ఇంటర్న్‌షిప్ కూడా చూపించని కాలేజీలో పేరుకు టూరిజం అని రాసి ఉన్న కోర్సు మాత్రమే దొరికితే, దానికంటే బీకామే నయం. అప్పుడు కేంద్ర పర్యాటక శాఖ ఆన్‌లైన్‌లో నిర్వహించే టూరిస్ట్ ఫెసిలిటేటర్ ధ్రువపత్రం చేయించవచ్చు. ఏ దారిలో వెళ్లినా తమిళం మాట్లాడటం వస్తే మన జిల్లాలో అదనపు బలం, ఎందుకంటే వచ్చే కార్లలో చాలా వాటికి తమిళనాడు నంబర్లే ఉంటాయి.

మీరు రాయని భయం ఒకటి ఉంటుందని నాకు తెలుసు. ఈ రంగంలో మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువ, పండుగలకు, ఆదివారాలకు సెలవు ఉండదు, హోటల్ ఫ్రంట్ ఆఫీసులో రాత్రి డ్యూటీలు ఉంటాయి. ఆడపిల్ల విషయంలో వసతి, రాత్రి ఇంటికి చేర్చే వాహనం ఎవరు ఏర్పాటు చేస్తారన్నది ఇంటర్న్‌షిప్‌కు పంపేముందే రాతపూర్వకంగా అడగండి, మొహమాటపడకండి. ఊరు దాటక తప్పదా అంటే, నాలుగైదేళ్లు చెన్నైలోనో విశాఖలోనో పనిచేయడం మంచిదనే నేనంటాను. అతిథి ఏమి కోరతాడో, దేనికి విసుక్కుంటాడో అక్కడే తెలుస్తుంది. తర్వాత తిరిగి వస్తే మీ మేడ మీది రెండు గదులే పెట్టుబడి కావచ్చు. కేంద్ర ప్రభుత్వ హోమ్‌స్టే పథకంలో యజమాని కుటుంబం నివసించే ఇంట్లో ఒక గది నుంచి ఆరు గదుల దాకా నమోదు చేసుకోవచ్చు. రాష్ట్రం కూడా 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది.

ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. వచ్చే ఆదివారం అమ్మాయి చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి మైపాడు పంపండి, మీరూ వెంట వెళ్లండి. ఎన్ని కార్లు ఏ ఊరి నుంచి వచ్చాయి, ఎంతసేపు ఉన్నాయి, ఏమి కొన్నారు, ఏమి అడిగి దొరక్క వెళ్లిపోయారు అన్నది పది కుటుంబాలను అడిగి రాయమనండి. ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడటం ఆమెకు ఇష్టంగా ఉందో, సాయంత్రానికి నీరసపడిందో మీ కళ్లతోనే చూస్తారు. ఆ పుస్తకం నాకు పంపితే, ప్రవేశ దరఖాస్తు గురించి దాన్ని ముందు పెట్టుకునే మాట్లాడుకుందాం.