రాళ్ళ గరువులో గేర్‌బాక్స్ పగిలితే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఒడిశా గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లె. మా మినీ ట్రాక్టరుకని నాన్న పేరు మీద పాతపట్నంలో నాలుగడుగుల రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో దున్నే పరికరం) కొన్నాం. కొనేముందు డీలర్ మనిషి దాన్ని మా కొండవార గరువుకే (మెట్ట పొలానికే) తెచ్చి దున్ని చూపించాడు. ఫోన్లో వీడియో ఉంది. మూడో నెలలో గేర్‌బాక్స్ పగిలింది, బ్లేడ్లు వంగిపోయాయి. రాళ్ళ నేలలో వాడారు కాబట్టి వారంటీ రాదంటున్నారు. నేను ఊళ్ళోవాళ్ళకు కూడా అద్దెకు దున్నుతుంటాను. కేసు వేయాలంటే ఆంధ్రా వెళ్ళాలా?

జవాబు: వెళ్ళక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కొన్నది మహేంద్రతనయ నది అవతల ఆంధ్రాలో అయినా, మీరు పర్లాకిమిడిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే చాలు. వస్తువు ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. మీ నాన్నగారి అనుమతితో వాడుతున్న మీరూ చట్టం దృష్టిలో వినియోగదారే. అయినా ఫిర్యాదు ఆయన పేరుతోనే వేయండి, అనవసరపు అభ్యంతరాలు రావు. తెలుగు కాగితాలకు ఇంగ్లిషు అనువాదం జత చేయండి.

ఇక అసలు గొడవ రాళ్ళది. డీలర్ మాట పూర్తిగా అబద్ధం కాదు. తిరిగే బ్లేడుకు గుండ్రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా గేర్‌బాక్స్ మీదికి పోతుంది. కానీ 1930 సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ఒకటుంది. ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, సరుకు ఆ పనికి పనికొచ్చేలా ఉండాలి. మీ గరువులో రాళ్ళున్నాయని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు, తనే దున్నాడు. రాళ్ళ నేలకు వారంటీ లేదన్న షరతు కొనకముందే చూపించారా, డబ్బు కట్టాక బిల్లుతో పాటు చేతిలో పెట్టారా అన్నది కూడా తేల్చాలి. ఆ వీడియో ఉన్న ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి.

అయితే ఆ వీడియోను ఒకసారి అవతలి లాయర్ కళ్ళతో చూడండి. ఆ రోజు ముందు కల్టివేటర్ తోలి, రాళ్ళు ఏరించి, పైపైన దున్ని చూపించాడా? ఆ తర్వాత మీరు ఏరకుండానే పూర్తి లోతుకు దింపారా? అలాగైతే మీ కేసు సగం నీరుగారినట్టే. ఇంకో మాట, బోల్టు గురించి. చాలా రోటవేటర్లకు, ట్రాక్టరు నుంచి వాటిని తిప్పే షాఫ్టులో ఒక సేఫ్టీ బోల్టు ఉంటుంది. రాయి తగిలినప్పుడు అది విరిగి గేర్‌బాక్సును కాపాడుతుంది. మాటిమాటికీ విరుగుతోందని మన మెకానిక్కులు దాని స్థానంలో గట్టి బోల్టు బిగించేస్తారు. మీరూ అలా చేయించి ఉంటే గేర్‌బాక్స్ మీద ఆశ వదులుకోవడం మంచిది. కంపెనీ ఇంజినీరు మొదట చూసేది అదే. బ్లేడ్ల సంగతి ఎలాగూ అడగకండి. అవి అరిగే సరుకు, వాటి కోసం పట్టుబడితే గట్టి కేసు కూడా పలచనవుతుంది.

అద్దె విషయంలో టెన్షన్ వద్దు. మీరే తోలుకుంటూ బతుకుతెరువు కోసం చేసుకునే పని వ్యాపారం కిందకు రాదు. డ్రైవర్లను పెట్టి నాలుగైదు బళ్ళు తిప్పుతుంటే మాత్రం సంగతి వేరు. రైతులు వినియోగదారులు కారన్న వాదన కూడా చెల్లదు. నాసిరకం విత్తనాల మీద ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన ఫిర్యాదుల్లో, కేంద్ర ప్రభుత్వ విత్తన సంస్థ నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ చేసిన ఆ వాదనను 2012లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పరీక్షకు శాంపిల్ పంపలేదన్న అభ్యంతరం కూడా అక్కడ నిలవలేదు, విత్తనమంతా రైతులు చల్లేశారు కాబట్టి. మీకు ఆ వెసులుబాటు లేదు. పగిలిన గేర్‌బాక్స్ ఇంట్లోనే ఉంది కదా, బోల్టుతో సహా దాన్ని గోనెసంచిలో కట్టి దాచండి. లోపం పరీక్షతో తప్ప తేలదనుకుంటే కమిషనే దాన్ని ల్యాబ్‌కు పంపుతుంది. అప్పుడు కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, మీరు ఏడాది అనుకోండి.

ముందు స్పీడ్ పోస్టులో (రిజిస్ట్రేషన్ సదుపాయంతో) డీలర్‌కూ కంపెనీకీ నోటీసు పంపండి. సర్వీసువాళ్ళు "రాళ్ళలో వాడటం వల్ల పాడైంది" అని రాసిన కాగితం మీద సంతకం అడుగుతారు. ఇప్పటికే పెట్టారేమో మీ ఉత్తరంలో లేదు. పెట్టి ఉంటే దాని నకలు తీసుకుని, నోటీసు రాయించేముందే మీ లాయరుకు చూపించండి. ఇంకా పెట్టకపోతే, పెట్టాల్సి వచ్చినప్పుడు సంతకం పక్కన "ఒప్పుకోవడం లేదు" అని మీ చేతిరాతతో రాయండి.