వేటకుక్క కావాలంటున్న నాన్న, కుక్కే వద్దంటున్న భార్య

ప్రశ్న: నా వయసు 39. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. దగ్గరి పట్నంలో ఉద్యోగం చేస్తున్నాను. ఉదయం ఎనిమిదికి బయలుదేరితే రాత్రి ఏడు దాటాకే ఇల్లు చేరతాను. ఇంట్లో 74 ఏళ్ల నాన్న, నా భార్య, ఆరేళ్ల పాప ఉంటారు. నాలుగెకరాల చీనీ తోట, కొన్ని కోళ్లు, ఐదారు మేకలు ఉన్నాయి. పదమూడేళ్లు మాతో పెరిగిన కుక్క పోయిన వేసవిలో చనిపోయింది. అప్పటి నుంచి నాన్న తోటకు వెళ్లడం తగ్గించారు, అన్నం దగ్గర కూడా పెద్దగా మాట్లాడరు. ఇంటికీ వేటకూ పనికొచ్చే జాతికుక్కను తెమ్మని మాత్రం గట్టిగా అడుగుతున్నారు. మా బావమరిది ఒక ముధోల్ జాతి కుక్కపిల్లను చూశానని, వెంటనే అడ్వాన్సు ఇవ్వమని తొందరపెడుతున్నాడు. నా భార్యకు చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ సూదులు వేశారు. ఆమె కుక్కే వద్దంటోంది. మరీ తప్పదంటే లాబ్రడార్ అయితే చూద్దామంటోంది. పాప రోజూ కుక్కపిల్ల కావాలని అడుగుతుంది. నాన్నతో తెద్దామని, భార్యతో తేనులే అని చెప్పి రోజులు నెట్టుకొస్తున్నాను. అందరికీ సరిపోయే జాతి ఏదో చెప్పండి.

సమాధానం: మీ ఇంట్లో అందరికీ సరిపోయే జాతి లేదు. మీ నాన్నగారు తన వయసు కాలపు వేటను కోరుతున్నారు, మీ బావమరిది పదిమందిలో చెప్పుకోదగిన పేరున్న కుక్కను కోరుతున్నాడు, పాప ఆడుకునే తోడును కోరుతోంది, మీ శ్రీమతి ఇంట్లో నిర్భయంగా తిరగగలగడాన్ని కోరుతోంది. ఈ నాలుగూ ఒక్క జంతువులో దొరకవు కనుక, ఎవరి కోరిక పెద్దదన్న లెక్క పక్కనపెట్టి, ఆ కుక్కకు మీ ఇంట్లో నిజంగా ఏ పని ఉందో చూసి నిర్ణయించుకోవాలి. నాకు కనిపిస్తున్నవి రెండు పనులు: తోటకు కాపలా, మీ నాన్నగారికి తోడు. వేట అన్న పని మీ ఇంట్లోనే కాదు, చట్టరీత్యా దేశంలో ఎక్కడా లేదు.

ఈ సంగతి మీకు తెలియదని కాదు, ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదని అనుకుంటున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఆ చట్టం దృష్టిలో జంతువును చంపడమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు పన్నడం, తరమడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని కుక్కను చెవులపిల్లి మీదికి ఉసిగొల్పితే, అది దొరికినా దొరక్కపోయినా నేరమే అవుతుంది. సాధారణంగా మూడేళ్ల వరకు జైలు, 2022 సవరణ తరువాత లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కుక్క ఉడుమునో కృష్ణజింకనో పట్టిందంటే శిక్ష ఇంకా పెరుగుతుంది. అడవిపందులు పంటను తినేస్తున్నాయన్న బాధ మీ వైపు నిజమే కావచ్చు. అయినా వాటిని ఏం చేయాలన్నా అనుమతి ప్రభుత్వం నుంచి, అటవీశాఖ ద్వారా రావాలి. ఇంటి కుక్కతో తీర్చుకునే లెక్క కాదది. ఉద్యోగం చేసుకునే మీ పేరు మీద ఆ కేసు వస్తే ఏమవుతుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

మీ నాన్నగారి వయసును బట్టి చూస్తే ఆ చట్టం వచ్చేనాటికి ఆయనకు ఇరవై ఏళ్ల ప్రాంతం ఉంటుంది. ఆయన పెరిగిన రోజుల్లో రాయలసీమ పల్లెల్లో వేట చాటుమాటు వ్యవహారం కాదు, పండుగ తరువాత ఊరంతా కలిసి వెళ్లే పని. దేవుళ్లకు కూడా అది ఉండేది. అహోబిలంలో నరసింహస్వామి పారువేట ఉత్సవం నేటికీ కనుమనాడు మొదలై నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లలో సాగుతోంది, అయితే అక్కడ జంతువును చంపడం ఉండదు. అలాంటి కాలం నుంచి వచ్చిన మనిషితో చట్టం సంగతి మాత్రమే మాట్లాడితే ఆయన మౌనం మరింత ముదురుతుంది. ఆయన నిజంగా వేటకు వెళ్లాలనుకుంటున్నారని నాకు అనిపించడం లేదు. తోటకు వెళ్లడం తగ్గించడం, అన్నం దగ్గర మాట్లాడకపోవడం పోయినదాని కోసం పడే దుఃఖానికి గుర్తులు. పదమూడేళ్లు పొద్దునా సాయంత్రం ఆయనను ఇంట్లోంచి బయటికి నడిపించినది ఆ కుక్కే. కుక్క చనిపోయిందని ఏడిస్తే మన ఊళ్లలో నవ్వుతారు కాబట్టి, ఆ వయసు మగవాడు కొత్త వేటకుక్క కావాలని అడగడం ద్వారానే ఆ దుఃఖాన్ని చెప్పుకోగలుగుతారు. ఇది నా ఊహ అనిపిస్తే, ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చుని పాత కుక్క గురించి అడిగి చూడండి. రెండు మూడు వారాలు గడిచినా ఆకలి, నిద్ర సరిగా లేకపోతే మాత్రం కుక్క సంగతి ఆపి ముందు డాక్టరుకు చూపించండి. ఆ వయసులో మనసు కుంగడం మందులతో తగ్గే జబ్బు కూడా కావచ్చు.

ఇక జాతుల విషయానికి వద్దాం. మీ బావమరిది చూసిన ముధోల్ చాలా మంచి కుక్క. బాగల్‌కోట్ జిల్లాలోని ముధోల్ సంస్థానాన్ని ఏలిన ఘోర్పడేలు పోషించిన జాతి అది. కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం తిమ్మాపూర్‌లో దానికోసం ఒక కేంద్రాన్నే నడుపుతోంది. తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం పేరు మీదున్న తెల్లకుక్క, ఆ ప్రాంతానిదే అయిన చిప్పిపారై కూడా పేరున్నవే. రాజపాళయాన్ని పెంచినవారిలో విజయనగర కాలంలో అటు వలస వెళ్లిన తెలుగు రాజుల కుటుంబాలు ఉన్నాయని చెబుతారు కనుక, మీ నాన్నగారికి దాని మీద మోజు ఉంటే ఆశ్చర్యం లేదు. 2005లో మన తపాలాశాఖ ముధోల్, రాజపాళయం కుక్కల బొమ్మలతో బిళ్లలు కూడా వేసింది.

అయితే పొడవాటి కాళ్లు, సన్నని నడుము ఉన్న ఈ హౌండ్లలో, ముఖ్యంగా ముధోల్, చిప్పిపారైలలో, వేట నేర్పితే వచ్చే విద్య కాదు. అవి వాసన పట్టి మెల్లగా వెతికేవి కావు, దూరాన కదిలిన దాన్ని కంటితో చూసి ఒక్క ఊపున వెంటపడేవి. తరాల తరబడి మనుషులు ఆ ఒక్క గుణం కోసమే వాటిని ఎంచి ఈనించారు. ఒకసారి పరుగు మొదలయ్యాక యజమాని పిలుపు వాటి చెవికెక్కదు. కదిలేది చెవులపిల్లా, పక్కింటి కోడా, మీ మేకపిల్లా అన్న తేడా ఆ క్షణంలో దానికి ఉండదు. చిన్నప్పటి నుంచి మీ కోళ్ల మధ్య పెరిగితే మీ కోళ్లను వదిలేయవచ్చు, పక్కింటివాళ్ల కోళ్లకు ఆ హామీ లేదు. పల్లెలో ఇటువంటి తగాదా ఒక కోడితో మొదలై ఎంత దూరం పోతుందో మీకు తెలుసు. పైగా రెండడుగులకు మించిన ఎత్తున్న ఆ కుక్క ముందుకు దూకినప్పుడు గొలుసు మరో చివర ఉండేది 74 ఏళ్ల చేయి. ఆయన పడితే తుంటి ఎముకకే ప్రమాదం. అలాగని రోజంతా గొలుసుకు కట్టేస్తే పరుగు లేక దాని స్వభావం చెడి, ఇంట్లోవాళ్ల మీదికే తిరగబడే స్థితి రావచ్చు. మీ తోట చుట్టూ ఆరడుగుల గట్టి కంచె ఉండి, రోజూ దాన్ని పరుగెత్తించే పడుచువాడు ఒకడు ఇంట్లో ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. రాత్రి ఏడు దాటాక ఇల్లు చేరే మీరు ఆ పడుచువాడు కాలేరు. కాబట్టి ఇప్పుడు ముధోల్ వద్దు. రాజపాళయం కాపలాకు దీటైనదే, కానీ కొత్తవారిని దగ్గరికి రానివ్వదు. పాప స్నేహితులు వచ్చిపోయే ఇంట్లో అదీ వద్దు. వాటిలో కొన్ని పుట్టుచెవుడుతో పుడతాయన్నది అమ్మేవాళ్లు ఎలాగూ చెప్పరు.

లాబ్రడార్ విషయంలో మీ శ్రీమతి అనుకుంటున్నది సగం సరైనది. అది పిల్లలతో సాధువుగా ఉండే మాట నిజం. తమాషా ఏమంటే అదీ వేటకుక్కే: న్యూఫౌండ్‌లాండ్ నుంచి బ్రిటన్‌కు చేరి, తుపాకీకి పడిన బాతులను నీళ్లలోంచి పళ్లు దిగకుండా నోట కరచుకు తేవడానికి పెంచిన జాతి. అందుకే దాని ఒంటి మీద చల్లని నీళ్లకు తట్టుకునే రెండు పొరల బొచ్చు ఉంటుంది. ఆ బొచ్చుతో అనంతపురం ఏప్రిల్, మే నెలల్లో బయట ఉండడం దానికి నరకం. ఇంట్లో ఫ్యాను కింద ఉంచుతామంటే సరే గానీ, కుక్క గడప దాటి లోపలికి రావడమే మీ శ్రీమతికి భయం కదా. పైగా తిండిపోతు, త్వరగా లావెక్కుతుంది, కీళ్ల జబ్బులు ఎక్కువ. కాపలా అంటారా, దొంగకు కూడా తోక ఊపుతుంది.

నా అభిప్రాయంలో మీరు వెతకవలసినది మన జొనంగి. కొల్లేరు చుట్టుపక్కల, కోస్తా జిల్లాల్లో బాతుల మందలు కాసేవారి దగ్గర పెరిగిన జాతి అది. బాతుల పెంపకం తగ్గి చేపల చెరువులు పెరిగాక దానికి పని పోయి, సంఖ్య బాగా తగ్గింది. పొట్టి నున్నని బొచ్చు, ముడతల నుదురు, మధ్యస్థమైన ఒళ్లు ఉంటాయి. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, వింతగా రాగం తీస్తుంది. నేల తవ్వే అలవాటు ఎక్కువ. పందికొక్కుల బొరియలు కనబడితే వదలదు, అది మీ తోటకు మేలే, పాదుల దగ్గర తవ్వినప్పుడు మాత్రం తిట్టుకుంటారు. మందను కాపాడే అలవాటు, వేట చురుకు రెండూ ఉన్న కుక్క కనుక మీ నాన్నగారు దీన్ని చిన్నచూపు చూడరని నా నమ్మకం. మేలైన జొనంగి అనంతపురం వైపు సులువుగా దొరకదు. జొనంగి పేరు చెప్పి ఏ కుక్కనైనా అంటగట్టేవారూ ఉంటారు. తల్లిని కళ్లారా చూడకుండా కొనకండి. దొరకకపోతే, మీ ఊళ్లోనే నెమ్మదైన తల్లికి పుట్టిన నాటు పిల్లను, వీలైతే ఆడ కుక్కపిల్లను, తెచ్చుకోండి. మన ఎండకు, మన తిండికి అలవాటుపడిన శరీరం దానిది. వేట పేరున్న జాతి కాదని బావమరిది పెదవి విరిస్తే విరవనివ్వండి. రోజూ దానికి అన్నం పెట్టేది ఆయన కాదు.

అన్నం పెట్టేది ఎవరన్న ప్రశ్న మీ ఉత్తరంలో లేదు, అది నాకు లోటుగా అనిపించింది. మీరు పగలంతా ఇంట ఉండరు, మీ నాన్నగారికి వయసు మీద పడుతోంది, కుక్క పదేళ్లకు పైగా బతుకుతుంది. చివరికి ఆ పని భయపడుతున్న మనిషి మీదే పడుతుంది. కనుక కుక్కను తెచ్చే ముందే, పొద్దున్న తిండి నాన్నగారిదని, రాత్రి తిండి, శుభ్రత, పశువైద్యుడి ఖర్చు మీవని తేల్చుకోండి. ఆయన మంచాన పడిన రోజున పొద్దుటి పని కూడా మీదేనని ఆమె వినేలా ఒప్పుకోండి. కుక్క ఉండే చోటు తోట వైపు వసారాగా నిర్ణయించి, వంటింటి వైపు తలుపు దగ్గర అడ్డు కట్టించండి. ఆమె దాన్ని ముట్టుకోవలసిన అవసరం లేని ఏర్పాటు జరిగాకే పిల్ల ఇంట్లోకి రావాలి.

ఆమె భయాన్ని చాదస్తం అనకండి. బొడ్డు చుట్టూ వేసిన ఆ పాత టీకా నిజంగా బాధాకరమైనది; 2004-05 నాటికి మన దేశంలో దాని వాడకం ఆగిపోయింది. ఇప్పుడు టీకా చేతికే వేస్తారు, లోతైన గాయమైతే గాయం చుట్టూ వేరే మందు కూడా ఎక్కిస్తారు. ఆమె ఈ మాటను మీ నోట కంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు నోట వింటే ఎక్కువ నమ్మకం కలుగుతుంది. కరిచినా గీరినా వెంటనే సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలన్నది ఇంట్లో అందరికీ, పాపతో సహా, తెలిసి ఉండాలి. కుక్కపిల్లకు ఎనిమిది వారాలు నిండకముందు అమ్మకూడదన్నది 2017 నాటి నిబంధన. నెల పిల్లను చేతిలో పెట్టేవాడి దగ్గర తీసుకోకండి. మిగతా టీకాలతో పాటు మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆ తరువాత ఏటేటా తప్పక వేయించండి. కుక్క తింటున్నప్పుడు పాప దగ్గరికి పోకూడదు, పెద్దవాళ్లెవరూ లేకుండా ఇద్దరినీ ఒకచోట వదలకూడదు. ఎంత సాధువైన కుక్కకైనా ఈ నియమం సడలించవద్దు.

ఇవన్నీ చేయడానికి ముందు మీరు సరిదిద్దుకోవలసినది ఒకటుంది. తండ్రితో ఒక మాట, భార్యతో మరో మాట చెప్పి ఎవరినీ నొప్పించలేదనుకుంటున్నారు గానీ, పిల్ల ఇంటికి వచ్చిన రోజునో, రాదని తేలిన రోజునో ఇద్దరిలో ఒకరికి మీరు మోసం చేసినట్టవుతుంది. ముందు మీ శ్రీమతితో ఒంటరిగా మాట్లాడి, నాన్నగారికి అవునన్న మాట నిజమేనని ఒప్పుకోండి. పైన చెప్పిన ఏర్పాట్లు చూపించి, ఆమె ఏ షరతుల మీద సరేనంటుందో వినండి. అప్పుడు కూడా వద్దంటే, ఈ ఏడాదికి కుక్క లేదని నాన్నగారితో చెప్పవలసిన వారు మీరే; కోడలు వద్దంది అని ఆమె మీదికి నెట్టకండి. సరేనంటే, నాన్నగారి దగ్గర కూర్చుని వేట ఉండదని, హౌండు రాదని, పిల్లను ఎంచే పని మాత్రం పూర్తిగా ఆయనదేనని చెప్పండి. కుక్కను చూసి దాని గుణం చెప్పగల కన్ను ఆయనకుంది, ఆ పని ఇంట్లో మరెవరికీ రాదు. బావమరిదికి మాత్రం ఈ రోజే ఫోన్ చేసి, అడ్వాన్సు ఇవ్వడం లేదని చెప్పేయండి.