టోక్యో క్యాంపస్ పెరుగుతోంది సరే, మీ అమ్మాయికి కావలసింది జపానేనా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. అమెరికాలో బీఎస్ చేయిద్దామనుకున్నాం కానీ వీసాల పరిస్థితి చూస్తే భయమేస్తోంది. టెంపుల్ యూనివర్సిటీకి జపాన్‌లో క్యాంపస్ ఉందని, ఏటేటా పెరుగుతోందని, అక్కడ రెండేళ్లు చదివి ఫిలడెల్ఫియాకు మారిపోవచ్చని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. డిగ్రీ అదే, ఖర్చు సగమే అంటున్నారు. టోక్యో, ఫిలడెల్ఫియా రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: ఊరి పేరు, యూనివర్సిటీ పేరు మారుతుంటాయి గానీ ఈ ప్రశ్న చాలామంది తల్లిదండ్రుల నుంచి వస్తూనే ఉంది. అందరి లోపలా ఉన్న భయం ఒక్కటే: ‘వీసా రాకపోతే పిల్ల ఏడాది పోతుంది, నలుగురిలో ఏం చెప్పుకోవాలి?’ దానికి చివర్లో జవాబు చెబుతాను. ముందు ఆ క్యాంపస్ సంగతి చూద్దాం.

అది నకిలీ వ్యవహారం కాదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. టెంపుల్ టోక్యోలో 1982 నుంచి ఉంది. 2005లో జపాన్ విద్యాశాఖ దాన్ని విదేశీ విశ్వవిద్యాలయపు జపాన్ క్యాంపస్‌గా గుర్తించింది. ఆ హోదా పొందిన మొదటి సంస్థ అదే. ఆ గుర్తింపుతోనే విదేశీ పిల్లలకు స్టూడెంట్ వీసా స్పాన్సర్ చేసే వీలు కలిగింది. 2019లో సెతగయా వార్డులో షోవా మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలోకి మారింది. షిబుయా నుంచి రెండో స్టేషన్ సాంగెంజయాలో దిగి నడిచి వెళ్లొచ్చు. 2025 జనవరిలో క్యోటోలో రెండో క్యాంపస్ తెరిచారు. అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థుల సంఖ్య 2,000 దాటి పైకి వెళ్తోంది. డిగ్రీ ఇచ్చేది అమెరికాలో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీయే. అమెరికాలో యూనివర్సిటీలకు గుర్తింపునిచ్చే మిడిల్ స్టేట్స్ సంస్థ అక్రెడిటేషన్ రెండు చోట్లకూ వర్తిస్తుంది. ‘డిగ్రీ అదే’ అన్న మాటలో అబద్ధం లేదు.

అయితే ఎందుకు పెరుగుతోందో చూడండి. యెన్ పడిపోయింది, 2024లో డాలరుకు 150 యెన్‌లు దాటింది. అమెరికా పిల్లలకు తమ సొంత దేశంలో కంటే టోక్యోలో అమెరికన్ డిగ్రీ చవకైంది. పైగా వాళ్ల ప్రభుత్వ విద్యారుణాలు అక్కడా చెల్లుతాయి. జపాన్‌లో నాలుగేళ్లు బతకాలని ఇష్టపడి వచ్చేవాళ్లూ ఎక్కువే. ఈ కారణాల్లో మీ ఇంటికి వర్తించేది ఏదైనా ఉందా? ఎవరి అవసరాల కోసమో పెరుగుతున్న క్యాంపస్ మీ అవసరం తీరుస్తుందని ఎలా అనుకుంటాం?

ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. అమెరికన్ యూనివర్సిటీల విదేశీ క్యాంపస్‌లు పెరగడం ఎంత నిజమో, మూతపడటమూ అంతే నిజం. 1980ల చివర్లో జపాన్‌లో డబ్బు పొంగుతున్న రోజుల్లో ఊరూరి మున్సిపాలిటీలు అమెరికన్ యూనివర్సిటీలను పిలిచి స్థలాలిచ్చాయి. అప్పుడు డజన్ల కొద్దీ వచ్చాయి. సదరన్ ఇల్లినాయ్ యూనివర్సిటీ నీగతా ప్రాంతంలోని నకజోలో 1988లో మొదలై 2007లో ముగిసింది. అకితాలో మిన్నెసోటా వాళ్ల క్యాంపస్ 1990 నుంచి 2003 వరకే నడిచింది. కోరియామాలో టెక్సస్ ఏ అండ్ ఎం నాలుగేళ్లకే మూసేసుకుంది. కారణాలు అన్నిచోట్లా దాదాపు ఒకటే. క్యాంపస్‌లు ఊరికి దూరంగా ఉన్నాయి. చేరిన జపాన్ పిల్లలు ఇంగ్లిష్ నేర్చుకోవడానికే ఏడాది పైగా పట్టింది. జపాన్ ప్రభుత్వ గుర్తింపు లేదు. పద్దెనిమిదేళ్ల వయసు జనాభా 1992 తర్వాత తగ్గుతూ వచ్చింది. మున్సిపాలిటీ డబ్బు ఆగగానే తలుపులూ మూసుకున్నాయి. టెంపుల్ నిలబడిందంటే టోక్యో నడిబొడ్డున ఉండటం, తర్వాత 2005 గుర్తింపు రావడం పెద్ద కారణాలు.

గల్ఫ్‌లోనూ ఇదే చూశాం. జార్జ్ మేసన్ రస్ అల్ ఖైమాలో తెరిచిన క్యాంపస్ ఒక్క బ్యాచ్‌కైనా డిగ్రీ ఇవ్వకుండానే 2009లో మూతపడింది. మిషిగన్ స్టేట్ దుబాయిలో 2008లో మొదలుపెట్టిన డిగ్రీ కోర్సులను రెండేళ్లకే ఆపేసింది. ఖతార్‌లో 2003 నుంచి బాగా నడుస్తున్న టెక్సస్ ఏ అండ్ ఎం క్యాంపస్‌ను 2028 కల్లా ముగించాలని 2024 ఫిబ్రవరిలో టెక్సస్‌లోని వాళ్ల బోర్డు ఓటేసింది. అక్కడ డబ్బు కొరత లేదు, పిల్లల కొరతా లేదు. నిర్ణయం మాత్రం వేల మైళ్ల దూరంలో జరిగింది. టోక్యో క్యాంపస్ రేపే మూతపడుతుందని నేను అనడం లేదు. నలభై ఏళ్లు నిలిచిన సంస్థ అది. ‘పెరుగుతోంది’ అన్న ఒక్క మాట చూసి పిల్ల నాలుగేళ్లు అప్పగించవద్దంటున్నాను, అంతే.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. చదువయ్యాక అమెరికాలో పనిచేయడానికి ఉపయోగపడే ఓపీటీ కావాలంటే, ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) హోదాతో అమెరికా గడ్డ మీద కనీసం ఒక విద్యా సంవత్సరం పూర్తికాలం చదివి ఉండాలి. టోక్యోలో గడిపిన సెమిస్టర్లు అందులోకి రావు. నాలుగేళ్లూ టోక్యోలోనే చదివితే చేతిలో అమెరికన్ డిగ్రీ ఉంటుంది, ఓపీటీ మాత్రం ఉండదు. ఒక్కరోజు కూడా ఉండదు.

‘రెండేళ్ల తర్వాత మారిపోవచ్చు’ అన్న మాటలో మీకు చెప్పని సగం ఉంది. క్రెడిట్లు మారతాయి, ఒకే యూనివర్సిటీ కాబట్టి అది తేలికే. మనిషి మారాలంటే మాత్రం ఫిలడెల్ఫియా నుంచి ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) తెప్పించుకోవాలి, విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు కట్టాలి, కాన్సులేట్ కిటికీ ముందు నిలబడాలి. జపాన్‌లో నివాసం ఉంటుంది కాబట్టి హైదరాబాద్ బదులు టోక్యోలో నిలబడుతుంది. అడిగే ప్రశ్నలు అవే, చదువయ్యాక తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదని తిరస్కరిస్తే చూపే 214(బి) సెక్షనూ అదే. మీరు తప్పించుకోవాలనుకున్న ఇంటర్వ్యూ రెండేళ్లు వాయిదా పడుతుంది, అంతే. ఈలోపు లక్షలు ఖర్చయి ఉంటాయి. వెనక్కి రావడం ఇప్పటికంటే కష్టమవుతుంది.

కోర్సుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. ఫిలడెల్ఫియా వెబ్‌సైట్‌లో కనిపించే కోర్సులన్నీ టోక్యోలో లేవు. ఇంటర్నేషనల్ బిజినెస్, ఎకనామిక్స్, సైకాలజీ, కమ్యూనికేషన్, ఆర్ట్, ఏషియన్ స్టడీస్, పొలిటికల్ సైన్స్ లాంటివి ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్ ఉంది. ఈసీఈ, మెకానికల్ లాంటి ఇంజినీరింగ్ బ్రాంచీలు లేవు. క్యోటోలో కోర్సులు ఇంకా తక్కువ. ఎంపీసీ చదివిన పిల్ల ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకుంటుంది? కన్సల్టెన్సీ వాళ్లు దీని గురించి మాట్లాడారా?

ఖర్చు సగమన్నది ట్యూషన్ వరకు దాదాపు నిజం. కానీ ఫిలడెల్ఫియాలో మెరిట్ స్కాలర్‌షిప్ వస్తే అది పోగా మిగిలే మొత్తంతో పోల్చండి, బ్రోషర్ మీది అంకెతో కాదు. ఇంకోటి, ఫీజు యెన్‌లలో ఉంటుంది. 2020లో యెన్ విలువ 70 పైసల దగ్గర ఉండేది, ఇటీవల 60 పైసల లోపు ఆడుతోంది. 10 లక్షల యెన్ ఫీజు 57 పైసల దగ్గర 5,70,000 రూపాయలు, 70 పైసల దగ్గర 7 లక్షలు. నాలుగేళ్ల లెక్క వేసేటప్పుడు పాత రేటుతో కూడా ఒకసారి వేసి, అప్పుడూ భరించగలమా అని చూసుకోండి. సొంత డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ (ముందుగానే కోసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. ఆర్థిక సంస్థ ఇచ్చే విద్యారుణం నుంచి పంపితే ఆ కోత ఉండదు. బ్యాంకు లిస్టులో టెంపుల్ పేరు ఉన్నంత మాత్రాన టోక్యో క్యాంపస్ ఉన్నట్టు కాదు. మేనేజర్ నోటిమాట నమ్మకుండా క్యాంపస్ పేరుతో శాంక్షన్ లెటర్ తీసుకోండి.

‘పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టుకుంటుందిలే’ అనే మాట ఇళ్లలో బాగా తిరుగుతుంటుంది. జపాన్‌లో దిగగానే ఇచ్చే రెసిడెన్స్ కార్డు వెనక వైపు అడుగున ఒక చిన్న గడి ఉంటుంది. అందులో వారానికి 28 గంటల లోపు అని ముద్ర పడితేనే పని చేయొచ్చు. పెద్ద సెలవుల్లో మాత్రం రోజుకు 8 గంటల దాకా ఒప్పుకుంటారు. టోక్యోలో కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకు 1,226 యెన్‌లు. వారం వారం 28 గంటలూ నిండుగా చేసినా నెలకు 1,37,000 యెన్‌లు, దాదాపు 80 వేల రూపాయలు. గది అద్దె, తిండి, రైలు పాస్, ఇన్సూరెన్స్‌కే అది చాలీచాలదు, ఫీజుకు మిగలదు. పైగా జపనీస్ రానివాళ్లకు దొరికేవి గోడౌన్, హోటల్ గదుల శుభ్రం లాంటి పనులు. గంటలు దాటితే వీసా రెన్యువల్ దగ్గర దొరికిపోతారు. ఎందుకంటే జీతం, పన్ను కాగితాలు అక్కడ పద్ధతిగా నమోదై ఉంటాయి.

జపాన్ వీసా కంటే ముందు అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ రావాలి. దానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. స్పాన్సర్ ఆదాయం, బ్యాంకు నిల్వ చూస్తారు. దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర తెచ్చి ఖాతాలో వేసిన ముద్ద సొమ్ము అక్కడ అనుమానానికి దారితీస్తుంది. పొలం అమ్మిన డబ్బైతే అమ్మకపు దస్తావేజు నకలు, దాని ఇంగ్లిష్ అనువాదం జతచేయండి.

మీ అమ్మాయి తిరిగొచ్చి ఇక్కడే పీజీ చేయాలన్నా, ప్రభుత్వోద్యోగానికి వెళ్లాలన్నా డిగ్రీ సమానత్వం తేలాలి. యూజీసీ 2025లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆఫ్‌షోర్ క్యాంపస్ (సొంత దేశం బయట నడిపే క్యాంపస్) ఇచ్చే డిగ్రీ, క్యాంపస్ ఉన్న దేశం, మాతృసంస్థ ఉన్న దేశం రెండింటి నియమాలకూ సరిపోవాలి. ఫ్రాంచైజీ పద్ధతిలో ఇచ్చే డిగ్రీలను ఒప్పుకోరు. టెంపుల్‌కు రెండు దేశాల్లోనూ గుర్తింపు ఉంది కాబట్టి ఇది మీకు పెద్ద అడ్డంకి కాకూడదు. అదే కన్సల్టెన్సీ రేపు ఇంకో ‘అమెరికన్ క్యాంపస్’ పేరు చెబితే మొదట ఈ రెండు గుర్తింపులే అడగండి.

ఇక మీకు కొంచెం కోపం వచ్చే మాట. మీరు రాసిన దాంట్లో అమెరికా ఉంది, వీసా ఉంది, ఖర్చు ఉంది. మీ అమ్మాయి ఏం చదవాలనుకుంటోందో ఒక్క ముక్క లేదు. జపాన్ అంటే తనకి ఇష్టమా, భయమా అన్నదీ లేదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లని, భాష రాని ఊళ్లో, 14 రోజుల్లోగా వార్డు ఆఫీసుకు వెళ్లి చిరునామా నమోదు చేసుకుని, హెల్త్ ఇన్సూరెన్స్‌లో చేరి, అద్దెకు హామీ ఇచ్చే గ్యారంటీ కంపెనీతో గది ఒప్పందం రాసుకోమని పంపబోతున్నారు. శాకాహారి అయితే పులుసులో కూడా చేప రసం ఉంటుందని తెలిసి ఉండాలి. ఇవన్నీ ఇష్టంతో వెళ్లిన పిల్ల నెలరోజుల్లో నేర్చేసుకుంటుంది. అమెరికా దొరక్క నెట్టబడిన పిల్లకి ప్రతిదీ శిక్షలా అనిపిస్తుంది. దయచేసి మీ భయాన్ని తన నెత్తిన పెట్టకండి.

తనకే జపాన్ ఇష్టమైతే మాత్రం నేను అడ్డు చెప్పను. ఇది మంచి దారి. అక్కడ డిగ్రీ చదివినవాళ్లు ఉద్యోగపు వీసాకు మారడానికి లాటరీ లేదు, హెచ్‌-1బీకి (అమెరికా ఉద్యోగ వీసా) ఉన్నట్టు ఏడాదికి 85,000 అనే పరిమితీ లేదు. కంపెనీ తీసుకోవాలి, పని చదువుకు సంబంధించినదై ఉండాలి. కష్టమల్లా భాషే. చాలా కంపెనీలు జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్‌2 స్థాయి అడుగుతాయి (అంకె తగ్గేకొద్దీ స్థాయి పెరుగుతుంది). క్లాసులన్నీ ఇంగ్లిష్‌లో, స్నేహితులూ ఇంగ్లిష్‌లో మాట్లాడే క్యాంపస్‌లో నాలుగేళ్లు గడిచినా ఎన్‌4 దాటనివాళ్లు ఉంటారు. మొదటి సెమిస్టర్ నుంచే జపనీస్ కోర్సు పెట్టుకోవాలి. ఇంకో చిక్కు కేలండర్‌ది. జపాన్ కంపెనీలు కొత్తవాళ్లను ఏప్రిల్ 1న చేర్చుకుంటాయి. దానికి ముందు ఏడాది మార్చిలో ప్రకటనలు, జూన్‌లో ఇంటర్వ్యూలు, అక్టోబరులో ఆఫర్లు. అమెరికన్ సెమిస్టర్ల లెక్కలో నడిచే పిల్లలు ‘ఫైనలియర్‌లో చూద్దాం’ అనుకుంటే ఆ వరస దాటిపోతుంది. మూడో ఏడాదిలోనే మొదలుపెట్టాలి.

ఇప్పుడు మీ అసలు భయానికి జవాబు. ఈ ఏడాది అమెరికా వెళ్లకపోతే మీ అమ్మాయికి పోయేది ఏమీ లేదు. ఈఏపీసెట్ రాసి ఉంటే వెబ్ ఆప్షన్లు పెట్టించండి, మంచి బీటెక్ సీటు తీసుకోనివ్వండి. నాలుగేళ్ల తర్వాత ఎంఎస్‌కి వెళితే అప్పుడు ఎఫ్‌-1 ఇంటర్వ్యూ ఉంటుంది, వీసా వస్తే ఓపీటీకి దారి ఉంటుంది, స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటి) కోర్సైతే మరో 24 నెలల పొడిగింపూ ఉంటుంది. టోక్యోలో డిగ్రీ చదివినా ఎంఎస్‌కి అదే దారి తెరిచి ఉంటుంది. అంటే ఎటు నుంచి వెళ్లినా తలుపు మూసుకోలేదు. ఫిలడెల్ఫియాకే నేరుగా వెళ్లాలని తనకి గట్టిగా ఉంటే అప్లై చేయించండి, ఇంటర్వ్యూకి వెళ్లనివ్వండి. ఒకసారి తిరస్కరించినంత మాత్రాన మళ్లీ వెళ్లకూడదని లేదు.

టోక్యోకు అడ్వాన్స్ కట్టే ముందు ఒక పని చేయండి. అడ్మిషన్ ఆఫీసుకు మీ అమ్మాయినే మెయిల్ రాయమనండి: నా మేజర్ నాలుగేళ్లూ టోక్యోలోనే పూర్తవుతుందా, ఫిలడెల్ఫియాకు మారితే ఏ సెమిస్టర్ లోపు మారాలి, నా మార్కులకు స్కాలర్‌షిప్ ఎంత, గత బ్యాచ్ విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి జపాన్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ జవాబు వచ్చేలోపు హిరగానా, కతకానా అక్షరాల పుస్తకం ఒకటి కొనివ్వండి. రెండు లిపుల్లోనూ 46 చొప్పున మూలాక్షరాలు, రోజుకు అరగంట కూర్చుంటే నెలలో వచ్చేస్తాయి. మీరు గుర్తు చేయకుండా ఆ పుస్తకం తనంతట తాను తీస్తోందా లేదా, అది మాత్రం పక్కనుండి గమనించండి.