6×6 కెమెరాలో వెనుక వరుస మసకబారడం గురించి
కుతుబ్‌షాహీ సమాధుల వద్ద తీసిన కుటుంబ చిత్రంలో వెనుక వరుస మసకగా వచ్చిందని, పాత 35 ఎంఎం ఫిల్ము కెమెరాలో లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 దగ్గర ఉంచితే ఇలా ఎప్పుడూ కాలేదని రాశారు. మీ 6×6లో, అంటే సుమారు 6×6 సెం.మీ. చదరపు చిత్రాలు తీసే ఫిల్ము కెమెరాలో, లోపమేమీ లేదండీ, దయచేసి అమ్మేయకండి!

దాని 80 ఎంఎం లెన్సు, పాత కెమెరాలో 50 ఎంఎం లెన్సు చూపినంత దృశ్యాన్నే దాదాపుగా చూపుతుంది. కానీ ఫిల్ము వైశాల్యం మూడున్నర రెట్లు, లెన్సు నాభ్యంతరమూ ఎక్కువ. అందుకే అదే ఎఫ్/8 వద్ద స్పష్టంగా ఉండే లోతు బాగా తగ్గిపోతుంది. పాత ఫలితం కావాలంటే ఎఫ్/16 పెట్టండి. రంధ్రం చిన్నదై వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, కాబట్టి షట్టర్ 1/125 బదులు 1/30 ఉండాలి. ట్రైపాడ్ తప్పనిసరి, పిల్లలూ కదలకూడదు. సాయంత్రమైతే తక్కువ వెలుతురులోనూ పనిచేసే 400 ఐఎస్‌ఓ ఫిల్ము వేయండి. ఫోకస్ రెండు వరుసల మధ్య, కాస్త ముందు వరుస వైపు ఉంచండి. లెన్సు మీద ఎంత దూరం నుంచి ఎంత దూరం వరకు స్పష్టంగా వస్తుందో చూపే లోతు గీతలుంటే వాటితో సరిచూసుకోండి.