మనవడి ఆటకు తాత పుట్టిన ఊరే ఆధారం

సందేహం: నేను రిటైర్డ్ టీచర్ని. 1951లో బొబ్బిలి దగ్గర పల్లెలో పుట్టాను. 1978 నుంచి ఏడేళ్లు నైజీరియాలో పాఠాలు చెప్పాను. మా అబ్బాయి అక్కడే పుట్టాడు. ఇప్పుడు సిడ్నీలో ఉంటున్నాడు, ఆస్ట్రేలియా పౌరుడు. కోడలు న్యూజిలాండ్‌లో పుట్టిన అమ్మాయి. పంతొమ్మిదేళ్ల మనవడు సిడ్నీలో పుట్టాడు, రగ్బీ లీగ్ ఆడతాడు. భారత జట్టుకు ఆడతావా అని వాణ్ణి కొందరు అడిగారట. తాతగానీ నాయనమ్మగానీ ఇండియాలో పుట్టినట్టు కాగితం కావాలన్నారట. నాకు జనన ధ్రువపత్రం లేదు. మా ఆవిడ 1954లో రంగంలో (బర్మాలోని రంగూన్‌లో) పుట్టి, పదేళ్ల వయసులో తల్లిదండ్రులతో తిరిగొచ్చింది. ఆమె ఓటు, పాస్‌పోర్టు అన్నీ ఇక్కడివే. ఆమె కాగితాలు పనికొస్తాయా? ఇండియాకు ఆడితే వాడి ఆస్ట్రేలియా పౌరసత్వం పోతుందా? రేపు ఆస్ట్రేలియా పిలిస్తే వెళ్లే దారి మూసుకుపోతుందా? (ఒక పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: మాస్టారూ, ముందు మీ భయం తీరుస్తాను. ఇండియా జెర్సీ వేసుకున్నంత మాత్రాన మీ మనవడి ఆస్ట్రేలియా పౌరసత్వానికి ఏమీ కాదు. ఒక దేశానికి ఆడటం వేరు, ఆ దేశ పౌరసత్వం తీసుకోవడం వేరు.

పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్‌లో ఆటగాడి దేశాన్ని పాస్‌పోర్టు బట్టి తేల్చరు. ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా తల్లిదండ్రుల్లో ఒకరో, తాతా అమ్మమ్మా నాయనమ్మల్లో ఒకరో అక్కడ పుట్టి ఉండాలి. అదీ కాకపోతే వరుసగా 60 నెలలు అక్కడ నివసించి ఉండాలి. ఈ లెక్కన మీ మనవడు పుట్టుకతో ఆస్ట్రేలియాకు, తల్లి వైపు నుంచి న్యూజిలాండ్‌కు, మీ వైపు నుంచి భారత్‌కు అర్హుడు. మీ అబ్బాయి నైజీరియాలో పుట్టాడు కాబట్టి ఆ దేశానికీ ఆడొచ్చు. మీ ఆవిడ సంగతి వచ్చేసరికి ఇదే సూత్రం అడ్డం తిరుగుతుంది. ఆమె నిండు భారతీయురాలే, అందులో సందేహం లేదు. కానీ ఈ నిబంధన పౌరసత్వాన్ని చూడదు, పురిటి చోటును చూస్తుంది. 1954 నాటికి బర్మా పరాయి దేశం. అందుకని ఆమె కాగితాలు పక్కన పెట్టండి. భారమంతా మీ జనన ధ్రువపత్రం మీదే ఉంది.

రేపు ఆస్ట్రేలియా పిలిస్తే అన్న ప్రశ్నకు జేమ్స్ టెడెస్కో ఉదాహరణ చాలు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఆయన 2017 ప్రపంచ కప్‌లో ఇటలీకి ఆడారు. తర్వాతి ప్రపంచ కప్ 2022లో జరిగింది, అది గెలిచిన ఆస్ట్రేలియా జట్టుకు ఆయనే కెప్టెన్. ఎదురు దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. జేసన్ తౌమలోలో న్యూజిలాండ్‌ను, ఆండ్రూ ఫిఫిటా ఆస్ట్రేలియాను కాదనుకుని 2017లో తమ పెద్దల గడ్డ టోంగాకు ఆడారు. ఆ టోంగా అదే టోర్నీలో న్యూజిలాండ్‌ను 28–22తో ఓడించింది. చిన్న జట్టుకు ఆడినంత మాత్రాన పెద్ద జట్టు తలుపు మూసుకోదు. అయితే ఒకే ప్రపంచ కప్‌లో రెండు దేశాలకు ఆడకూడదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రెండూ మొదటి వరుస జట్లు, వాటి మధ్య అటూ ఇటూ మారడం కుదరదు. అబ్బాయి నిజంగా ఆలోచించుకోవలసింది ఇక్కడే. తల్లి దేశమా, పుట్టిన దేశమా అన్నది వాడే తేల్చుకోవాలి. అందులో మనం వేలు పెట్టకూడదు.

ఇక మన ప్రభుత్వం సంగతి. భారత జట్ల తరఫున అంతర్జాతీయ పోటీల్లో ఆడేవారికి భారతీయ పాస్‌పోర్టు ఉండాలని కేంద్ర క్రీడా శాఖ 2008 డిసెంబరులో చెప్పింది. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా చాలదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సమాఖ్య పంపే జట్టయితే ఆ మెలిక తప్పదు. అందుకే మిమ్మల్ని అడిగినవాళ్లను మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: వాళ్లది ఏ సమాఖ్య, దానికి అంతర్జాతీయ రగ్బీ లీగ్ గుర్తింపు ఉందా, భారత ప్రభుత్వ గుర్తింపు ఉందా. మన దేశంలో ఎక్కువగా కనిపించే రగ్బీ వేరే ఆట, రగ్బీ యూనియన్. దాని సమాఖ్య వేరు, నిబంధనలూ వేరు.

పాస్‌పోర్టు మార్చుకుంటే పోలేదా అని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడనివ్వకండి. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ఓసీఐగా అయిదేళ్లు, దరఖాస్తుకు ముందు ఇండియాలో ఏడాది నివాసం పూర్తయ్యాక, ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుంటేనే భారత పౌరసత్వం దొరుకుతుంది. ఫుట్‌బాల్ ఆటగాడు రయాన్ విలియమ్స్ 2025లో అలాగే వదులుకుని మన జట్టులోకి వచ్చాడు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు రెండు మూడు మ్యాచ్‌ల కోసం చేయదగిన పని కాదది.

ఇప్పుడు మీ కాగితం. మీరు పుట్టేనాటికి మీ ఊరు మద్రాసు రాష్ట్రం, శ్రీకాకుళం జిల్లాలో ఉంది. విజయనగరం జిల్లా 1979లో గానీ ఏర్పడలేదు. పాత కాగితంలో ఒక జిల్లా, కొత్త ఆధార్‌లో ఇంకో జిల్లా కనిపిస్తే గుమాస్తా కొర్రీ వేస్తాడు. కంగారు పడకండి, జిల్లా మారినా దేశం మారలేదు.

అప్పట్లో పుట్టుక, చావు లెక్కలు గ్రామ మునసబు రాసేవాడు. ఇలాంటి పనిమీదే ఒకసారి తాలూకా రికార్డు గదిలో కూర్చున్నాను. పేజీ తిప్పితే అంచులు పొడిగా రాలుతున్నాయి. మా కక్షిదారు పేరు ఎక్కడా లేదు. తండ్రి పేరు, తేదీ, పక్కన ‘మగ శిశువు’ అని ఒక్క మాట ఉంది. ఆ ఒక్క మాట చాలింది మాకు. మీ ఊరి రిజిస్టరులో కూడా మీ పేరు కోసం కాదు, మీ నాన్నగారి పేరు కోసం వెతికించండి. దొరికితే సర్టిఫైడ్ నకలు తీసుకోండి.

దొరక్కపోతే నమోదు లేదన్న పత్రం తీసుకుని, ఆలస్యపు జనన నమోదుకు దరఖాస్తు పెట్టాలి. ఒకప్పుడు దీనికి కోర్టు మెజిస్ట్రేటు ఉత్తర్వు కావలసివచ్చేది. 2023 అక్టోబరు 1 నుంచి చట్టం మారింది. ఇప్పుడు ఉత్తర్వు ఇచ్చేది జిల్లా మెజిస్ట్రేటు లేదా సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు, అంటే మీకు బొబ్బిలి ఆర్డీవో. రికార్డు షీటు, సర్వీసు రిజిస్టరు జత చేయండి. అన్నిటికన్నా బలమైనది నైజీరియా వెళ్లేటప్పుడు తీసుకున్న పాత పాస్‌పోర్టు. పుట్టిన ఊరు అందులో ఉంటుంది, పైగా అది ఈ అవసరం కోసం పుట్టించిన కాగితం కాదు. దాన్ని పారేయలేదు కదా? ధ్రువపత్రం చేతికొచ్చాక ఆస్ట్రేలియాలో చెల్లడానికి అపోస్టిల్ ముద్ర వేయించాలి.

బడిలో వేసిన జూలై 1కీ అసలు తేదీకీ తేడా రావచ్చు. మీకు తెలియంది కాదు, ఆ రోజుల్లో చాలామందికి అదే తేదీ వేసేవారు. ఉన్నది ఉన్నట్టు అఫిడవిట్‌లో చెప్పండి. నాలుగు రోజుల్లో పత్రం తెచ్చిస్తానన్న బ్రోకరును మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి. రగ్బీ యూనియన్‌లో డేవిడ్ హిల్టన్ స్కాట్లండ్‌కు నలభైకి పైగా మ్యాచ్‌లు ఆడాక, 2000లో ఆయన తాత పుట్టింది ఎడిన్‌బరోలో కాదు, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అని తేలింది. ఆయన ఇంట్లోవాళ్ల మాట నమ్మాడంతే, అయినా అనర్హుడయ్యాడు. తెలిసి దొంగ పత్రం పెడితే మీ మీద క్రిమినల్ కేసు, పిల్లవాడి మీద నిషేధం తప్పవు.

మీ పుట్టుక ఎరిగిన పెద్దవాళ్లు ఊళ్లో ఎవరైనా ఉంటే వాళ్ల అఫిడవిట్ కూడా కావాలి. వాళ్లకు ఇప్పుడు ఎనభై అయిదు దాటి ఉంటాయి. రికార్డు గదికి వచ్చే నెల వెళ్లినా ఫర్వాలేదు గానీ, వాళ్ల దగ్గరకు ఈ వారమే వెళ్లండి.